మోటార్‌హోమ్ యాత్రకు శాంటా మోనికా దాకా ఎందుకు? మీ ఇంటి దగ్గరి 380 రోడ్డు చాలు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఇద్దరూ రిటైరయ్యారు, మీకు 67 ఏళ్లు, శ్రీమతి గారికి 64. ఉంటున్నది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. బస్సులా ఉండి లోపలే వంటిల్లు, మంచం ఉన్న 34 అడుగుల పాత క్లాస్ ఏ మోటార్‌హోమ్ ఒకటి బేరమాడి ఉంచారు. అక్టోబరులో రూట్ 66 అనే పేరుమోసిన పాత రహదారి పట్టుకుని కాలిఫోర్నియా తీరాన శాంటా మోనికా వెళ్లి, మూడు వారాల్లో తిరిగి రావాలని, దారిలో చిన్న ఊళ్లు తీరిగ్గా చూడాలని మీ కోరిక. ఇద్దరూ శాకాహారులు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. బండి సరైనదేనా, దారి సరైనదేనా, మనలాంటి వాళ్లకు ఆ ఊళ్లలో ఇబ్బంది ఉంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

బండి వద్దు, దారీ వద్దు అంటాను. కారణాలు చెబుతాను, నచ్చకపోతే మీ ఇష్టం.

మొదట దూరం. ఫ్రిస్కో నుంచి అమరిల్లో మీదుగా శాంటా మోనికాకు ఒకవైపే 1,400 మైళ్లు దాటుతుంది. పాత రూట్ 66 ముక్కల్లోకి దిగి ఎక్కుతూ పోతే రానూపోనూ మూడు వేలు తప్పదు. 21 రోజులకు పంచితే రోజుకు 140 అనిపిస్తుంది కానీ అది కాగితం మీది లెక్క. రోజు విడిచి రోజు ఎక్కడైనా ఆగాలంటే నడిపే రోజున 280 మైళ్లు నడపాలి. మోటార్‌హోమ్‌ను గంటకు 60 మైళ్లు దాటించకూడదు. పెట్రోలు, భోజనం, కాలకృత్యాలు కలిపితే ఆరేడు గంటలు. సాయంత్రం నాలుగున్నరకు ఊరు చేరేసరికి మ్యూజియం మూసేస్తుంటారు, మధ్యాహ్నం దాకానే నడిచే హోటల్ ఎప్పుడో కట్టేసి ఉంటుంది. పైగా చివరి మజిలీ లాస్ ఏంజెలెస్. ఆ ట్రాఫిక్‌లో 34 అడుగుల బండికి పార్కింగ్ వెతకడం 67 ఏళ్ల వయసులో కోరి తెచ్చుకోవలసిన కష్టం కాదు. 1926లో పుట్టిన ఆ రోడ్డుకు 2026తో నూరేళ్లు నిండుతున్నాయి కాబట్టి జనం మామూలు కంటే ఎక్కువే ఉంటారు.

మరి ఎక్కడికి? మీరు రోజూ కూరగాయలకు వెళ్లే 380 రోడ్డు మీదికే. లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్, మెకిన్నీ దగ్గర సిగ్నళ్ల మధ్య విసుక్కుంటూ నడిపే ఆ రోడ్డు గ్రీన్‌విల్ నుంచి న్యూ మెక్సికోలోని శాన్ ఆంటోనియో అనే చిన్న ఊరి దాకా సుమారు 670 మైళ్లు పోతుంది. డెంటన్ దాటి, డికేటర్ దాటాక దాని స్వభావమే మారిపోతుంది. టెక్సస్‌లోని పెద్ద శాన్ ఆంటోనియోతో ఈ ఊరికి సంబంధం లేదు. ఇది రియో గ్రాండే ఒడ్డున నాలుగు వీధుల పల్లె. హిల్టన్ హోటళ్లు స్థాపించిన కాన్రాడ్ హిల్టన్ 1887లో పుట్టింది అక్కడే. ఆ చివరి దాకా వెళ్లి, సొకోరో మీదుగా పశ్చిమానికి ఇంకొంచెం పోయి, తిరుగు ప్రయాణంలో ఆల్బుకర్కీ, శాంటా రోసా, టుకుమ్‌కారీ, అమరిల్లో మీదుగా వస్తే మీరు కోరుకున్న రూట్ 66 ముక్క కూడా దొరుకుతుంది. మొత్తం 1,500 పైచిలుకు మైళ్లు. మూడు వారాలకు పంచితే రోజుకు 75. ఒకచోట రెండు మూడు రాత్రులు ఉండగలిగేది ఇలాంటి లెక్కతోనే.

ఇక బండి. కొనకండి, ఈ మొదటిసారికి అద్దెకు తీసుకోండి. పాత మోటార్‌హోమ్‌లలో మోసపోయేది ఎక్కువగా రెండు చోట్ల, పైకప్పు, టైర్లు. పైకప్పు అతుకుల నుంచి నీళ్లు దిగితే లోపలి చెక్క మెత్తబడుతుంది, బయటికి ఏమీ కనబడదు. టైర్లకు గాట్లు లోతుగా కనబడినా, ఏడాదిలో ఎక్కువ రోజులు కదలకుండా ఎండలో నిలబడిన బండి కనుక రబ్బరు ముసలిదైపోతుంది. టైరు పక్కగోడ మీద ‘డాట్’ అన్న అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేడేళ్లు దాటితే గాట్లు ఎంత బాగున్నా మార్చాల్సిందే. మీరు బేరమాడిన బండికి ఆ సంఖ్య ఒకసారి చూడండి, అమ్మేవాడి ముఖం కూడా చూడండి.

అద్దెకు 24, 25 అడుగుల క్లాస్ సీ అడగండి. వ్యాను ముందు భాగం, దాని నెత్తిన ఒక మంచం, వెనక ఇల్లు. డ్రైవరు సీటు మీకు అలవాటైన వ్యాను సీటులాగే ఉంటుంది. మామూలు కారు లైసెన్సు చాలు. టెక్సస్‌లో 26,001 పౌండ్ల లోపు బండికి వేరే లైసెన్సు అక్కర్లేదు, ఇది దాని సగం బరువు మాత్రమే. గ్యాలనుకు ఎనిమిది నుంచి పది మైళ్లు ఇస్తుంది కాబట్టి మొత్తం యాత్రకు 150 నుంచి 200 గ్యాలన్ల పెట్రోలు. అద్దెలో మాత్రం రోజు రేటు ఒక్కటే చూసి సంబరపడకండి. రోజుకు ఇన్ని మైళ్లు దాటితే మైలుకు ఇంత, జనరేటర్ గంటకు ఇంత, బీమా విడిగా అని ఉంటాయి. అన్నీ కలిపి కాగితం మీద రాసిమ్మనండి.

బుక్ చేసే ముందు వెనక మంచం ఎలా ఉందో తప్పకుండా అడగండి. చాలా 24 అడుగుల బండ్లలో మంచం మూలకు ఆనించి ఉంటుంది, రెండు వైపులా గోడే. గోడ వైపు పడుకున్నవాళ్లు రాత్రి బాత్రూముకు లేవాలంటే రెండోవాళ్లను దాటుకుని పాకాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, రాత్రి రెండుసార్లు లేచే వయసువాళ్లకు అది నరకం. రెండు వైపులా నడవడానికి సందు ఉన్న మంచమే కావాలని పట్టుబట్టండి, అవసరమైతే ఒక అడుగు పొడవు ఎక్కువ బండి తీసుకోండి. డ్రైవరు నెత్తిన ఉన్న మంచాన్ని సామాన్ల అటకగా వాడుకోండి.

మొదటి రెండు రాత్రులు జాక్స్‌బరోలోని ఫోర్ట్ రిచర్డ్‌సన్ స్టేట్ పార్కులో గడపమంటాను. 1867 నాటి సైనిక స్థావరం, పాత ఆసుపత్రి భవనం ఇంకా నిలబడి ఉంది. ఇంటికి రెండు గంటల దూరం కావడం దాని అసలు గొప్పతనం. పంపు కలపడం, కరెంటు తగిలించడం, మురుగు వదలడం అన్నీ అక్కడ నేర్చుకోండి. ఏదైనా మరిచిపోతే మీ అబ్బాయి తెచ్చి ఇవ్వగలడు. దారిలో డికేటర్ కోర్టు దగ్గర ఒక గంట ఆగండి. గులాబీ రంగు గ్రానైట్‌తో 1890లలో కట్టింది. జాక్స్‌బరో తర్వాత గ్రేహమ్. అమెరికాలోకెల్లా పెద్ద డౌన్‌టౌన్ చౌకుల్లో తమదొకటని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. నాకు ఆ పోటీ మీద ఆసక్తి లేదు కానీ, 25 అడుగుల బండిని వీధిలోనే నిలిపి నడుచుకుంటూ తిరగగలిగిన ఊరు అది.

త్రాక్‌మార్టన్, హాస్కెల్, ఆస్పర్మాంట్ మధ్య రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. శ్రీమతి గారి చేతికి స్టీరింగ్ ఇవ్వాల్సింది అక్కడే. “ఆవిడ నడపరు” అని మీరు రాశారు. నడపాలి. మీకు కడుపునొప్పి వచ్చినా, కంట్లో నలుసు పడినా బండి ఆసుపత్రికి చేర్చేవాళ్లు ఒకరుండాలి. అలాగే మురుగు గొట్టం పని మీదే, వంట ఆవిడదే అనే పంపకం కూడా వద్దు. ఒకరికి మాత్రమే తెలిసిన పని ఏదీ ఆ బండిలో ఉండకూడదు. బండిని వెనక్కి పెట్టేటప్పుడు అరుపులూ చేతి సైగలూ బదులు ఫోనులో మాట్లాడుకోండి, సగం గొడవలు తగ్గుతాయి. అసలు బుక్ చేసేటప్పుడే ఇటు నుంచి వచ్చి అటు నుంచి పోయే సైటు (బండి నిలిపే చోటు), క్యాంపువాళ్ల మాటలో ‘పుల్ త్రూ’, అడిగితే వెనక్కి పెట్టే పనే ఉండదు.

నాకు ఈ దారిలో బాగా ఇష్టమైన ఊరు పోస్ట్. సీరియల్ డబ్బాల మీద మనం చూసే ఆ పోస్ట్ గారే, సి. డబ్ల్యు. పోస్ట్, 1907లో ఈ ఊరు కట్టించాడు. రైతులకు పొలాలు, ఇళ్లు సిద్ధం చేసి అమ్మాడు. అన్నీ కొన్నాడు గానీ వానను కొనలేకపోయాడు. యుద్ధాల్లో ఫిరంగులు పేలాక వానలు పడతాయని ఎక్కడో విని, 1910 నుంచి కొన్నేళ్లు క్యాప్‌రాక్ కొండ అంచున డైనమైట్ పేల్పించాడు. ఒక వరసలో మందుగుండు పెట్టి, నిమిషాల తేడాతో పేల్చడం. కొన్నిసార్లు వాన పడింది కూడా, పడాల్సిన కాలంలో పేల్చాడు మరి. మన వైపు కప్పలకు పెళ్లి చేసిన ఊళ్లవాళ్లం, ఆయనను చూసి నవ్వే హక్కు మనకు లేదు. ఊరు దాటగానే రోడ్డు ఆ క్యాప్‌రాక్‌నే ఎక్కుతుంది. కింద ఎర్ర మట్టి, గండ్లు, ముళ్ల పొదలు. పైకి చేరగానే బల్లపరుపు పత్తి చేలు, కనుచూపు మేర ఇంకేమీ లేదు.

టహోకా, బ్రౌన్‌ఫీల్డ్ అంతా పత్తే. అక్టోబరులో వెళితే ఏరివేత మొదలై ఉంటుంది. మనిషి కనబడడు. ఒక్క యంత్రం చేలో నడుస్తూ పత్తి ఏరుకుని, తన కడుపులోనే గుండ్రంగా చుట్టి, పసుపు లేదా గులాబీ రంగు ప్లాస్టిక్ కప్పి, వెనక నుంచి కింద పెట్టేసి పోతుంది. ఒక్కో చుట్ట మనిషి కంటే ఎత్తు. గుంటూరులోనో వరంగల్‌లోనో పత్తి మార్కెట్ చూసినవాళ్లకు అక్కడ ఆగకుండా ఉండడం కష్టం. జిన్నింగ్ మిల్లు దగ్గర ఆగి అడిగితే సీజనులో తీరిక లేకపోయినా మాట్లాడతారు. మా నాన్నగారిది పత్తి సాగు అని నేను చెప్పాక, ఎకరాకు ఎంత, పురుగు ఏది, నీళ్లు ఎక్కడి నుంచి అని ఒక పెద్దాయన నన్నే ప్రశ్నలతో తినేశాడు. మీ భద్రత ప్రశ్నకు ఇది కొంత జవాబు. ఆ ఊళ్లలో మనల్ని చూస్తారు, నిజమే. ముందు మీరు పలకరిస్తే చాలావరకు ఆ చూపు మాటల్లోకి మారుతుంది. చీకటి పడక ముందే చేరండి, అది మనుషుల కోసం కాదు, రోడ్డు మీదికి వచ్చే జింకల కోసం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఆ కార్డు వెంట ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది, ఇంట్లో బీరువాలో పెట్టి రాకండి.

గాలి గురించి గట్టిగా చెప్పాలి. పశ్చిమ టెక్సస్, తూర్పు న్యూ మెక్సికోలో పక్క నుంచి కొట్టే గాలికి ఈ బండి తెరచాపలా ఊగుతుంది. గంటకు 35 మైళ్లు దాటి గాలి ఉంటుందని వాతావరణ సూచనలో కనబడితే ఆ రోజు కదలకండి. మూడు వారాలు తీసుకున్నది అందుకే. మరీ భయం వేస్తే ఊళ్లో మోటెల్‌లో గది తీసుకోండి, కౌంటర్ వెనక గుజరాతీ కుటుంబం ఉండే అవకాశం బాగా ఎక్కువ, చాయ్ కూడా దొరకవచ్చు. బండి పక్కన పందిరిలా విప్పే గుడ్డను విప్పి వదిలి ఊళ్లోకి పోవద్దు. ఒక్క గాలి విసురుకు చిరిగి, ఇనుప చేతులు వంగి, అద్దె డిపాజిట్ మొత్తం దానికే పోతుంది.

టేటమ్ నుంచి రాస్‌వెల్ దాకా 70 మైళ్లు దాదాపు ఏమీ ఉండదు, ట్యాంకు నింపుకుని కదలండి. రాస్‌వెల్‌లో 1947లో గ్రహాంతరవాసుల ఎగిరే పళ్లెం కూలిందన్న కథ మీద ఊరంతా బతుకుతోంది. మ్యూజియం ఒక గంటకు సరిపోతుంది. బస మాత్రం ఊరి బయట బాటమ్‌లెస్ లేక్స్ స్టేట్ పార్కులో, ఎర్ర మట్టి గోడల కింద చెరువులు. దాని తర్వాత లింకన్. ఒకే వీధి, మొత్తం ఊరు చారిత్రక ప్రదేశం. 1878లో అక్కడ దుకాణం వ్యాపారం మీద మొదలైన తగాదా ఊచకోత దాకా పోయింది. 1881 ఏప్రిల్‌లో బిల్లీ ద కిడ్ అనే పేరుమోసిన బందిపోటు కాపలాదారులిద్దరిని చంపి పారిపోయిన కోర్టు మెట్లు మీరు ఎక్కవచ్చు. మెట్లు నిటారుగా ఉంటాయి, ఆవిడ కింద కూర్చోవచ్చు.

కారిజోజో దగ్గర వ్యాలీ ఆఫ్ ఫైర్స్‌లో కనీసం రెండు రాత్రులు ఉండండి. సుమారు అయిదు వేల ఏళ్ల కిందటి లావా, నల్లగా, ముడతలు పడి, మైళ్ల కొద్దీ గడ్డకట్టి ఉంది. క్యాంపు దాని నడిమధ్య గట్టు మీద. లావాలోకి దిగే కాలిబాటకు సిమెంటు వేశారు కాబట్టి మోకాళ్లకు ఫర్వాలేదు. ఇక్కడ మీ వయసు పనికొస్తుంది. 62 దాటిన పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఫెడరల్ స్థలాల సీనియర్ పాస్ జీవితకాలానికి 80 డాలర్లు. నేషనల్ పార్కుల ప్రవేశమే కాక, ఇలాంటి చాలా ఫెడరల్ క్యాంపుల్లో అద్దె సగం తగ్గుతుంది. స్టేట్ పార్కులకు అది పనికిరాదు. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలకూ ఇవ్వరు.

కారిజోజోకూ శాన్ ఆంటోనియోకూ మధ్య 380 నుంచి దక్షిణానికి అయిదు మైళ్లు పోతే ట్రినిటీ సైటుకు దారి తీసే గేటు ఉంది. 1945 జులై 16న మొదటి అణుబాంబు పేల్చిన చోటు. సైన్యం ఏడాదిలో ఒకటి రెండు రోజులే జనాన్ని లోపలికి వదులుతుంది, అందులో ఒకటి సాధారణంగా అక్టోబరులో ఒక శనివారం. తేదీ చూసుకుని యాత్ర దాని చుట్టూ అమర్చుకోండి. సొకోరో నుంచి పశ్చిమాన పీఠభూమి మీద 27 రేడియో టెలిస్కోపు పళ్లేలు, ఒక్కోటి 25 మీటర్ల వెడల్పు, రైలు పట్టాల మీద బారులు తీరి ఉంటాయి. అక్కడ ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టమంటారు. ఇంకాస్త ముందుకు పై టౌన్, దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తున, యాపిల్ పై అమ్మి పేరు తెచ్చుకున్న పల్లె. పచ్చిమిర్చి వేసిన యాపిల్ పై తినండి. పైన పిండి పొరలో పంది కొవ్వు వేశారా అని మాత్రం అడగండి. న్యూ మెక్సికో అంతటా బీన్స్ గురించి కూడా ఇదే ప్రశ్న అడగాలి.

వంట మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బండి లోపల పోపు పెట్టవద్దు. ఎండుమిర్చి నూనెలో పడిన మరుక్షణం పొగ అలారం మోగుతుంది, పక్క సైటువాళ్లు లేచి వస్తారు, ఆ ఘాటు వారం పాటు దిండ్లలో ఉంటుంది. బయట బల్ల మీద చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకుని పోపు అక్కడే. ఎత్తు పెరిగేకొద్దీ మామూలు గిన్నెలో అన్నం, పప్పు తొందరగా ఉడకవు, ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. దోసె పిండి డబ్బాను సగమే నింపండి, కుదుపులకు పులిసి పొంగి మూత తన్నేస్తుంది. న్యూ మెక్సికోలో అక్టోబరు దాకా దుకాణాల ముందు ఇనుప పీపాల్లో హాచ్ మిరపకాయలు కాల్చి అమ్ముతారు. తొక్క తీసి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి వేసి నూరితే మన పచ్చడే. కరివేపాకు కుండీ మాత్రం వెంట తీసుకెళ్లకండి. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద బతుకుతుంది కనుక టెక్సస్ నుంచి బయటికి మొక్క తరలించడం మీద ఆంక్షలున్నాయి. ఇంకెప్పుడైనా కాలిఫోర్నియా వెళితే సరిహద్దులో ఆపి అడుగుతారు కూడా.

కరెంటు 30 యాంపుల సైటులో 3,600 వాట్లు మాత్రమే. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఏదైనా రెండింటితో సరిపెట్టుకోండి. మురుగు ట్యాంకులు రెండు, మరుగుదొడ్డిది ఒకటి, సింకు, స్నానం నీళ్లది ఒకటి. మరుగుదొడ్డి ట్యాంకు గేటు వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచాలి, గొట్టం తగిలించి ఉన్నా సరే. తెరిచి వదిలితే నీళ్లు పోయి, గట్టిది లోపలే పేరుకుంటుంది, తర్వాత ఏ మందూ దాన్ని కదపలేదు. నిండాక దాన్ని ముందు వదిలి, తర్వాత సింకు నీళ్లు వదిలితే గొట్టం దానంతట అదే కడుక్కుపోతుంది. అన్నం మెతుకులు సింకులో పోనివ్వకండి, అసలు వాసన వచ్చేది అక్కడి నుంచే.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. మీది ప్రభుత్వం నేరుగా ఇచ్చే అసలు మెడికేర్ అయితే ఏ రాష్ట్రంలోనైనా దాన్ని తీసుకునే డాక్టరు దగ్గర చెల్లుతుంది. ప్రైవేటు కంపెనీ నడిపే అడ్వాంటేజ్ ప్లాను అయితే ఊరు దాటాక సాధారణంగా అత్యవసర వైద్యం వరకే ధీమా, ముందే ఫోను చేసి కనుక్కోండి. ప్రతి సాయంత్రం క్యాంపు పేరు, సైటు నంబరు, రోడ్డు, కౌంటీ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. 911కు ఫోను చేసినప్పుడు “ఎక్కడున్నారు” అనే ప్రశ్నకు కంగారులో జవాబు రాదు.

తేదీలు ఇలా చూసుకోండి. ఆల్బుకర్కీలో బెలూన్ల పండుగ అక్టోబరు మొదటి రోజుల్లో, అప్పుడు చుట్టుపక్కల ఒక్క సైటు దొరకదు. మీరు అక్టోబరు రెండో వారంలో బయలుదేరితే అక్కడికి చేరేసరికి ఊరు ఖాళీ అవుతుంది, పత్తి ఏరివేత మధ్యలో దొరుకుతుంది. శాన్ ఆంటోనియో పక్కన బోస్కే డెల్ అపాచీ పక్షుల కేంద్రానికి కొంగలు రావడం కూడా నెలాఖరుకే మొదలవుతుంది. న్యూ మెక్సికోలో ఎత్తైన చోట్ల రాత్రులు గడ్డకట్టే చలి పడవచ్చు, నీళ్ల గొట్టం విప్పి లోపల పెట్టి పడుకోండి. ఫోర్ట్ రిచర్డ్‌సన్, బాటమ్‌లెస్ లేక్స్ రెండూ శుక్ర, శనివారాలకు ముందే నిండిపోతాయి, వాటిని ఈ వారమే బుక్ చేయండి. వ్యాలీ ఆఫ్ ఫైర్స్‌కు వారం మధ్యలో, మధ్యాహ్నం రెండు గంటలలోపు చేరండి.